అర్ధరాత్రి ఊరికే మోగే అలారం: రేడియో, మైక్రోవేవ్ గోల నుంచి దాన్ని ఎలా కాపాడుకోవాలి

గుంటూరులో ఒక బంగారు కొట్టు. పగలంతా అలారం బుద్ధిగానే ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించి, తాళాలు వేసి, షావుకారు గారు ఇంటికెళ్లి కంచం ముందు కూర్చునేసరికి సైరన్ మోగేది. మూడు వారాల్లో పదకొండు సార్లు. నాకంటే ముందు ఇద్దరు వచ్చి చూశారు. ఒకాయన సెన్సర్లన్నీ మార్చాడు, ఇంకొకాయన ఏకంగా సెన్సర్ల వైర్లన్నీ చేరే ప్యానెలే మార్చి బిల్లు ఇచ్చి వెళ్లాడు. పక్క మేడ మీద సెల్ టవర్ ఉంది కాబట్టి అందరూ దాన్నే తిట్టారు, నేనూ మొదట దాన్నే అనుమానించాను.

తీరా చూస్తే గోల చేస్తున్నది టవర్ కాదు, ప్యానెల్ డబ్బాలోనే ఉన్న జీఎస్‌ఎం మాడ్యూల్. సిమ్ వేసి, షావుకారుకు ఫోన్ చేయడానికి పెట్టిందే. ఫోనైనా మాడ్యూలైనా టవర్ సిగ్నల్ బాగా అందుతుంటే మెల్లగా మాట్లాడుతుంది, అందకపోతే గొంతు చించుకుంటుంది. 900 మెగాహెర్ట్జ్ జీఎస్‌ఎంలో ఆ గొంతు పెరిగి పెరిగి 2 వాట్ల దాకా పోతుంది. పగలు షట్టర్ ఎత్తి ఉంటుంది కాబట్టి సిగ్నల్ ఫుల్. రాత్రి ఇనుప షట్టర్ దిగగానే కొట్టు మొత్తం రేకు డబ్బా అయిపోతుంది, మాడ్యూల్ టవర్‌తో మాట్లాడాల్సి వచ్చిన ప్రతిసారీ ఫుల్ పవర్‌తో అరుస్తుంది. దాని యాంటెన్నా అంటించింది ఎక్కడయ్యా అంటే, చుట్టలు చుట్టి పెట్టిన జోన్ వైర్ల మీద (జోన్ అంటే ఒక గదికో తలుపుకో చెందిన సెన్సర్ల లైను). ఒకసారి సైరన్ మోగితే మాడ్యూల్ ఫోన్ కలుపుతుంది, ఆ ఫోన్ తాలూకు రేడియో మళ్లీ అదే జోన్‌ని కదిలిస్తుంది. ఇక ఆగేదెలా?

అందుకే మొదటే చెప్పేస్తున్నా. రేడియో గోల అనగానే ఆకాశంలోకి, పక్క మేడ మీదికి చూడకండి. ముందు మన డబ్బా మూత తీసి చూడండి. నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం మనం బిగించిన పద్ధతిలోనే ఉన్నాయి, టవర్ నిజంగా కారణమైనవి తక్కువ.

ముందు మీ జబ్బు ఏ రకమో తేల్చుకోండి

మూడు రకాలు ఉంటాయి, మూడింటి మందులూ వేరు.

ఒకటి, ఎక్కడిదో రేడియో శక్తి మన వైర్లలోకి, సెన్సర్ బోర్డులోకి దూరి లేని దొంగను చూపించడం. రెండోది, మైక్రోవేవ్ సెన్సర్ (మైక్రోవేవ్ తరంగాలతో కదలికను పట్టేది) తాను చూడకూడనిదాన్ని చూడటం, అంటే గోడ అవతలి ఫ్యాను, పైపులో నీళ్లు, ట్యూబ్‌లైటు లాంటివి. మూడోది వైర్‌లెస్ సెన్సర్ పంపిన సిగ్నల్ వేరే గోలలో మునిగిపోయి ప్యానెల్‌కి చేరకపోవడం. మొదటి రెండింటిలో సైరన్ మోగి వీధంతా లేస్తుంది కాబట్టి మీకు తెలుస్తుంది. మూడోదాంట్లో ఏమీ మోగదు, దొంగ వచ్చి వెళ్లాక తెలుస్తుంది. అసలు టెన్షన్ పడాల్సింది దాని గురించే, కానీ జనం పట్టించుకోనిదీ అదే.

అడుగు 1: ఒక నోటు పుస్తకం

ఏమీ పీకొద్దు, ఏమీ మార్చొద్దు. ఒక వారం రాయండి. మోగిన టైము నిమిషంతో సహా, ఏ జోన్, అప్పుడు కరెంటు పోయిందా వచ్చిందా, వర్షమా, ఎవరైనా ఫోన్ మాట్లాడుతున్నారా, ఫ్రిజ్ అప్పుడే ఆన్ అయిందా. చాలా ప్యానెళ్లలో ఈవెంట్ లాగ్ ఉంటుంది, కీప్యాడ్‌లో ఇన్‌స్టాలర్ కోడ్ కొట్టి చూడొచ్చు. దాని గడియారం సరిగ్గా ఉందో లేదో మాత్రం ముందు చూడండి, బ్యాటరీ మార్చాక టైము సెట్ చేయకుండా వదిలేసిన ప్యానెళ్లు బోలెడు చూశాను.

రాస్తే మీకే ఒక లెక్క కనిపిస్తుంది. కరెంటు పోయిన ప్రతిసారీ మోగితే అది ఇన్వర్టర్ మారేటప్పటి కుదుపో, ముసలి బ్యాటరీయో. వాచ్‌మన్ రౌండుకొచ్చి వాకీటాకీ నొక్కే టైముతో కలిస్తే ఇంక వేరే చెప్పక్కర్లేదు. ఒకే జోన్ ఎప్పుడూ మోగుతుంటే ఆ వైరు, ఆ సెన్సర్. అన్ని జోన్లూ ఒకేసారి మోగితే సమస్య ప్యానెల్ దగ్గరే, అంటే పవరు, ఎర్తింగు, జీఎస్‌ఎం ఈ మూడింట్లో ఒకటి.

బ్యాటరీ సంగతి ఇప్పుడే చూసేయండి, ఎందుకంటే రేడియో అని పేరు పెట్టిన కేసుల్లో కొన్ని ఒట్టి బ్యాటరీ కేసులే. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఛార్జింగ్‌లో 13.6 నుంచి 13.8 వోల్టుల మధ్య ఉండాలి. మెయిన్స్ తీసేసి, సైరన్ ఒక నిమిషం మోగించి, అప్పుడు మీటరు పెట్టండి. 12 కిందికి దబ్బున పడిపోతే బ్యాటరీ మార్చి, వారం ఆగి, ఆ తర్వాతే మిగతా గైడ్ చదవండి.

అడుగు 2: ఒక్కో భాగాన్ని విడగొట్టండి

మోగుతున్న జోన్ వైరును ప్యానెల్ దగ్గర విప్పి, దాని బదులు టెర్మినల్‌కి నేరుగా ఎండ్-ఆఫ్-లైన్ రెసిస్టర్ (లైను బాగుందని ప్యానెల్‌కి తెలియడానికి వైరు చివర పెట్టేది) పెట్టండి. మీ ప్యానెల్‌కి ఏ విలువ కావాలో మాన్యువల్లో ఉంటుంది, 5.6 కిలో ఓమ్‌లు, 2.2, 4.7 ఇలా ఒక్కో కంపెనీ ఒక్కోటి. ఇలా పెట్టి రెండు మూడు రాత్రులు చూడండి, ఆ రాత్రులు ఆ గదికి కాపలా ఉండదని ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి. ఇప్పుడూ మోగితే గోల ప్యానెల్లోకే వస్తోంది. మోగకపోతే వైరులోనో సెన్సర్‌లోనో ఉంది.

రెండోసారి వైరు తిరిగి పెట్టి, సెన్సర్ చివర సెన్సర్ని తీసేసి అక్కడ రెసిస్టర్ పెట్టండి. ఇప్పుడు మోగితే వైరే యాంటెన్నాలా పనిచేస్తోంది. మోగకపోతే సెన్సర్ బోర్డులోకే దూరుతోంది. రెండు రెసిస్టర్లు, నాలుగు రాత్రులు, ఖర్చు రూపాయో రెండో. ఇది చేయకుండా సెన్సర్లు మార్చడం అంటే కడుపునొప్పికి కళ్లద్దాలు మార్చినట్టు.

ఆ తర్వాత ప్యానెల్‌ని మెయిన్స్ నుంచి పూర్తిగా విడగొట్టి బ్యాటరీ మీద కొన్ని గంటలు నడపండి. గోల ఆగిపోతే అది కరెంటు లైనులోంచి వస్తోంది: చౌక ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, ఫ్యాను రెగ్యులేటరు, చదరపు వేవ్ ఇన్వర్టరు, అదే సాకెట్ మీద నడిచే ఫ్రిజ్.

కరెంటు గోలను వెతకడానికి నా దగ్గర ఉన్న గొప్ప యంత్రం పాత ట్రాన్సిస్టర్ రేడియో. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టి, వాల్యూం పెంచి, గోడల వెంట, స్విచ్‌బోర్డుల వెంట తిప్పండి. బర్రుమనే చప్పుడు ఎక్కడ పెరుగుతుందో అక్కడ దొంగ ఉన్నట్టు. ఒక ఇంట్లో అది పూజగదిలో ఇరవై నాలుగ్గంటలూ వెలిగే చిన్న ఎల్‌ఈడీ దీపాల దండ, అలారం వైరు సరిగ్గా దాని అడాప్టర్ వెనకగా వెళ్తోంది. మీరు రేడియో వాళ్లయితే, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగుల్ లాప్‌టాప్‌కి పెట్టి చూస్తే ఇంకా బాగా కనిపిస్తుంది, కానీ ట్రాన్సిస్టర్ చాలు.

అడుగు 3: వైర్లు

ఇక్కడ కాసేపు కూర్చుందాం, ఎందుకంటే పని అంతా ఇక్కడే ఉంది.

ఏ వైరైనా తన పొడవుకు సరిపోయే రేడియో తరంగాన్ని పట్టుకుంటుంది. 433 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 69 సెంటీమీటర్లు, దానిలో నాలుగో వంతు 17. 900 మెగాహెర్ట్జ్‌కి నాలుగో వంతు 8 సెంటీమీటర్లు. అంటే ప్యానెల్ డబ్బాలో "తర్వాత పనికొస్తుందిలే" అని వదిలేసే జానెడు వైరు ముక్క, అటు చివర ఏమీ కలపకుండా వేలాడుతూ, మొబైల్ సిగ్నల్‌కి చక్కటి యాంటెన్నా. దూరంగా వెళ్లే పొడవాటి వైర్లకు మీడియం వేవ్ స్టేషన్లు కూడా తగులుతాయి. హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ తరంగం నాలుగు వందల మీటర్ల పైచిలుకు, అందులో నాలుగో వంతు వంద మీటర్లు. పెద్ద గోడౌన్ చుట్టూ తిప్పిన జోన్ వైరు అంత ఉండటం వింతేమీ కాదు.

పట్టుకున్నంత మాత్రాన మోగదు. అవతల ఎక్కడో ఆ రేడియోని డీసీగా మార్చే డయోడ్ లాంటిది ఉండాలి. సెన్సర్ లోపలి ఐసీ ఆ పని చేస్తుంది, వదులైన జాయింటు కూడా చేస్తుంది. విశాఖ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో రాగి వైరును మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఏడాది తిరిగేసరికి పచ్చబడిపోతుంది. ఆ పచ్చదనం ఒక చెడ్డ డయోడ్. టేపు జాయింట్లన్నీ విప్పి, గీకి, సోల్డర్ చేసి, ష్రింక్ స్లీవ్ తొడగండి. ఒక్కోసారి ఇక్కడితోనే కథ ముగుస్తుంది.

ఇక వరసగా:

మిగులు వైరు కత్తిరించండి, చుట్టలు పెట్టొద్దు. వాడని జంటలుంటే రెండు చివర్లా ఊరికే వేలాడనివ్వకుండా ప్యానెల్ వైపు నెగటివ్‌కి కలపండి.

రెసిస్టర్ సెన్సర్ చివరనే ఉండాలి. బద్ధకించి ప్యానెల్ దగ్గరే పెట్టేస్తారు చాలామంది, నేను ముందు చెప్పింది పరీక్ష కోసం మాత్రమే. ప్యానెల్ దగ్గర పెడితే వైరును ఎవరైనా షార్ట్ చేసినా తెలియదు.

మెలితిప్పిన జంటలున్న కేబుల్ వాడండి. రెండు తీగలకూ గోల సమానంగా తగిలితే అది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. జోన్‌కి వెళ్లే తీగ, తిరిగొచ్చే తీగ ఒకే జంటలో ఉండాలి, వెళ్లేది ఒక జంటలో వచ్చేది ఇంకో జంటలో వేస్తే మెలి తిప్పి లాభం లేదు. ఈ తప్పు నేనే మొదటి రెండేళ్లు చేశాను.

కరెంటు వైరుతో ఒకే పైపులో వేయొద్దు. పక్కపక్కనే వెళ్లాల్సి వస్తే కనీసం ఒక అడుగు దూరం, దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

షీల్డ్ కేబుల్ (తీగల చుట్టూ రేకు చుట్టినది) వేస్తే ఆ రేకును ప్యానెల్ వైపు ఎర్త్‌కి కలిపి, సెన్సర్ వైపు ఖాళీగా కత్తిరించి టేపు చుట్టండి, కరెంటు హమ్‌కి ఇది సరిపోతుంది. ఎక్కడా ఎర్త్‌కి కలపని షీల్డ్ మాత్రం ఉత్త అదనపు యాంటెన్నా.

అడుగు 4: కెపాసిటర్లు, ఫెరైట్లు

వైరులోకి వచ్చిన రేడియోని గుమ్మం దగ్గరే ఆపాలి. ప్యానెల్ జోన్ టెర్మినళ్ల మధ్య 1 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి, మీద 102 అని ఉంటుంది. జోన్‌కి ఇది అడ్డం రాదు, ఎందుకంటే ప్యానెల్ మిల్లీసెకన్ల లెక్కలో చూస్తుంది, ఇది మైక్రోసెకన్లలో పని ముగించేస్తుంది. కాళ్లు మాత్రం కురచగా, టెర్మినల్లోకి దూరేంత వరకే ఉంచండి. కాళ్లు అర సెంటీమీటరు చొప్పున ఉన్నా 433 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ కాళ్లే పాతికకు పైగా ఓమ్‌ల అడ్డం అవుతాయి, కెపాసిటర్ పెట్టి పెట్టనట్టే. కీప్యాడ్‌కి వెళ్లే డేటా వైర్ల మీద మాత్రం పెట్టకండి, కీప్యాడ్ మాట్లాడటం మానేస్తుంది.

ఫెరైట్ అంటే లాప్‌టాప్ ఛార్జర్ వైరు మీద లావుగా ఉండే ఆ నల్ల ముడి. విడిగా క్లిప్ టైపు దొరుకుతాయి, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే ఇస్తారు. వైరు డబ్బాలోకి దూరే రంధ్రానికి ఆనుకుని వేయండి. పవరు, జోన్, సైరన్ అన్నిటికీ వేయాలి, ఒకదానికి వేసి రెండోది వదిలేస్తే గోల రెండో దారిన వస్తుంది. రెండు చుట్లు తిప్పితే అడ్డం సుమారు నాలుగింతలు, మూడు తిప్పితే తొమ్మిదింతలు, కానీ ఇది కింది ఫ్రీక్వెన్సీలకు. మొబైల్ ఫ్రీక్వెన్సీల్లో ఎక్కువ చుట్లు తిప్పితే చుట్ల మధ్యనుంచే రేడియో దూకిపోతుంది, అక్కడ ఒకే చుట్టు, కావాలంటే రెండు ఫెరైట్లు వరసగా. క్లిప్ మూశాక రెండు ముక్కల మధ్య వెంట్రుకంత సందు ఉన్నా సగం పని పోయినట్టే.

రేకు డబ్బా మీద నమ్మకం పెట్టుకునేవాళ్లకు ఒక చిన్న ప్రయోగం. మీ ఫోన్‌ని స్టీలు డబ్బాలో పెట్టి మూత పెట్టి, ఇంకో ఫోన్‌తో రింగ్ చేయండి. చాలాసార్లు మోగుతుంది. మూత చుట్టూ ఉన్న సన్నటి సందు చాలు దానికి. ప్యానెల్ డబ్బా కూడా అంతే, మూతకూ డబ్బాకూ మధ్య పెయింటు పొర ఉంటుంది, రెండూ అంటుకోవు. మూతకి ఒక పొట్టి లావు వైరుతో ఎర్త్ కలపండి.

ఎర్తింగ్ గురించి ఒక్క మాట. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టి చూడండి, రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ పిట్ చూపించండి. ప్యానెల్‌కి వేరే ఎంసీబీ, వేరే లైను ఇస్తే ఫ్రిజ్ గొడవ వదిలిపోతుంది.

అడుగు 5: జీఎస్‌ఎం యాంటెన్నా

కథ ముందే చెప్పాను కాబట్టి ఇక్కడ మందు మాత్రమే. యాంటెన్నాని ప్యానెల్ నుంచి, సెన్సర్ల నుంచి, జోన్ వైర్ల నుంచి కనీసం ఒక మీటరు, వీలైతే రెండు మూడు మీటర్లు దూరంగా, సిగ్నల్ బాగా వచ్చే చోట పెట్టండి. సిగ్నల్ బాగుంటే అది తక్కువ పవర్‌తోనే పని కానిస్తుంది. బంగారు కొట్టులో నేను వెంటిలేటర్ దగ్గర, లోపలివైపు, బయటివాడి చేతికి అందనంత ఎత్తులో పెట్టాను. బయట గోడకు పెట్టొద్దు, కటింగ్ ప్లేయర్‌తో పని అయిపోతుంది. మిగులు వైర్లు కత్తిరించి, పన్నెండు కెపాసిటర్లు, ఐదు ఫెరైట్లు. అంతకుముందు మార్చిన ప్యానెల్ ఖర్చుతో పోలిస్తే ఇది టీ ఖర్చు.

2జీ ఫోన్ స్పీకర్ పక్కన పెడితే టికటికటికమని చప్పుడు వచ్చేది గుర్తుందా? జీఎస్‌ఎం ఆగి ఆగి, సెకనుకు 217 సార్లు పంపుతుంది కాబట్టి ఆ చప్పుడు. అదే మీ పీఐఆర్ సెన్సర్ (ఒంటి వేడిని బట్టి మనిషి కదలికను పట్టేది) లోపలి ఆంప్లిఫయర్‌కి కూడా తగులుతుంది. పీఐఆర్‌లో శరీరపు వేడి నుంచి వచ్చే సిగ్నల్ ఎంత చిన్నదంటే దాన్ని వేల రెట్లు పెంచాల్సి వస్తుంది, అందుకే అది అంత సున్నితం. కొనేటప్పుడు ఈఎన్ 50130-4 అనే యూరప్ ప్రమాణం ప్రకారం పరీక్షించిన సెన్సర్ అడగండి, అందులో మీటరుకు 10 వోల్టుల రేడియో క్షేత్రంలో పెట్టి చూస్తారు, ఇంట్లో వాడే మామూలు ఎలక్ట్రానిక్స్‌కి పెట్టే పరీక్ష 3 వోల్టులే.

పీఐఆర్‌ని రేడియో పట్టుకుందో బల్లి పట్టుకుందో కూడా చూసుకోండి. లెన్సు మీద పాకే బల్లి దానికి ఏనుగంత.

అడుగు 6: మైక్రోవేవ్ సెన్సర్లు

వంటింటి మైక్రోవేవ్ ఓవెన్‌కీ వీటికీ సంబంధం లేదు. ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్, అది వైఫై కెమెరాలను, జిగ్బీ సెన్సర్లను ఇబ్బంది పెట్టొచ్చు. మోషన్ సెన్సర్లలో ఎక్కువగా ఉండేది 10.525 గిగాహెర్ట్జ్, కొన్నిట్లో 24.

ఇది డాప్లర్ మీద నడుస్తుంది, అంటే కదిలే వస్తువుకు తగిలి తిరిగొచ్చే తరంగం ఫ్రీక్వెన్సీ కాస్త మారుతుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో మనిషి ఎదురొస్తే 10.525 దగ్గర సుమారు 70 హెర్ట్జ్ తేడా వస్తుంది. ఇప్పుడు ట్యూబ్‌లైటు చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులోని వాయువు సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంది, వెలిగినప్పుడు రేడియోకి అది లోహంలా అడ్డం, ఆరినప్పుడు ఆ అడ్డం తగ్గిపోతుంది. 100 హెర్ట్జ్ అంటే సెన్సర్ లెక్కలో సెకనుకు 1.4 మీటర్లు, గంటకు ఐదు కిలోమీటర్లు. అచ్చం మనిషి నడక. రాత్రంతా కొట్టులో ఒక ట్యూబ్‌లైటు వేసి వెళ్లే అలవాటున్న వాళ్లకు, సెన్సర్ పాతదో నాసిదో అయితే, ఒక కనిపించని మనిషి తెల్లవార్లూ కొట్టులో పచార్లు చేస్తున్నట్టే. మంచి సెన్సర్లలో 100 హెర్ట్జ్‌ని వడగట్టే ఫిల్టర్ ఉంటుంది. లేదంటే ఆ ట్యూబు తీసి ఎల్‌ఈడీ పెట్టండి, చౌక డ్రైవరున్నది కాకుండా.

ఇంకో గుణం, ఇది గోడలు దాటి చూస్తుంది. అద్దం, చెక్క, జిప్సం బోర్డు దీనికి లెక్కే కాదు, సన్నటి ఇటుక గోడ కూడా సగం సగమే ఆపుతుంది. పక్క వాటాలో తిరిగే ఫ్యాను, గోడలోని పీవీసీ పైపులో పైవాళ్లు వదిలిన నీళ్లు, అద్దం తలుపు బయట నడిచే కుక్క, అన్నీ దీనికి దొంగలే. ఇనుప షట్టర్ వైపు తిప్పి పెడితే లారీ పోయిన ప్రతిసారీ షట్టర్ వణుకుతుంది, ఆ వణుకు దీనికి పెద్ద అద్దం ఊగినట్టు కనిపిస్తుంది.

కాబట్టి రేంజి స్క్రూని గది గోడ దాకా మాత్రమే అందేలా తగ్గించండి. ఫ్యాక్టరీ నుంచి అది ఫుల్‌లో వస్తుంది, ఎవరూ ముట్టుకోరు. తగ్గిస్తూ, ఒకరు అవతలి గదిలో నడుస్తుంటే మీరు సెన్సర్ లైటు చూడండి. లైటు వెలగడం ఆగే దాకా తిప్పి, మన గది మూలలో మనిషి నడిస్తే వెలుగుతోందో లేదో మళ్లీ చూసుకోండి. రెండు మైక్రోవేవ్ సెన్సర్లను ఎదురెదురుగా పెట్టొద్దు, ఒకదాని తరంగం రెండోదాన్ని కదిలిస్తుంది. ఒకే హాలులో రెండు తప్పదంటే వేర్వేరు ఫ్రీక్వెన్సీ ఛానెల్ ఉన్నవి అడిగి కొనండి.

పీఐఆర్, మైక్రోవేవ్ రెండూ కలిసి ఒప్పుకుంటేనే మోగే డ్యూయల్ సెన్సర్లు మా పనివాళ్లకు ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ మైక్రోవేవ్ భాగం ట్యూబ్‌లైటు వల్ల ఎప్పుడూ మోగుతూ ఉంటే, ఇక ఆ సెన్సర్ ఒట్టి పీఐఆర్ కిందే లెక్క. రెండు లైట్లూ విడివిడిగా వెలిగి ఆరుతున్నాయో లేదో చూడండి.

అడుగు 7: వైర్‌లెస్ కిట్లు

మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 433 నుంచి 434 మెగాహెర్ట్జ్ వరకు, 865 నుంచి 867 వరకు (2021లో 868 దాకా పెంచారు) బ్యాండ్లు ఉన్నాయి, 2.4 గిగాహెర్ట్జ్ సరేసరి. లైసెన్సు అక్కర్లేదు కాబట్టి రక్షణా లేదు. పక్కవాడి గేటు రిమోటు మీ సెన్సర్‌కి అడ్డొస్తోందని మీరు ఫిర్యాదు చేయలేరు. 433లో కారు తాళాలు, కాలింగ్ బెల్లులు, గేటు మోటార్లు అన్నీ ఉంటాయి, 434 దాటగానే హామ్ రేడియో వాళ్ల (సరదాకి రేడియో నడిపేవాళ్ల) బ్యాండు మొదలవుతుంది. అపార్ట్‌మెంట్‌లో అయితే 865 వైపు కిట్ తీసుకోండి.

దానికీ ఒక మెలిక ఉంది. 869 నుంచి 4జీ టవర్ల సిగ్నల్ మొదలవుతుంది. మీ ప్యానెల్ రిసీవర్ 866 దగ్గర ఒక చిన్న గుసగుస కోసం చెవి పెట్టి కూర్చుంటే, మూడు మెగాహెర్ట్జ్ పక్కన టవర్ మైకు పెట్టి మాట్లాడుతున్నట్టు. రిసీవర్‌లో మంచి ఫిల్టర్ లేకపోతే గుసగుస వినపడదు. టవర్ నేరుగా కనిపించే కిటికీ పక్కన ప్యానెల్ పెట్టొద్దు, ఇంటికి అవతలివైపు, మధ్యలో కాంక్రీటు గోడ ఉండేలా పెట్టండి. ఈ ఒక్క సందర్భంలో టవర్‌ని తిట్టడం న్యాయమే.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే కిట్ల గురించి. "మా అబ్బాయి డల్లాస్ నుంచి తెచ్చాడు, బిగించి పెట్టు నాయనా" అని ఏడాదికి ఒకరిద్దరు పెద్దవాళ్లు పిలుస్తారు. అక్కడి జడ్-వేవ్ (ఇంటి సెన్సర్లు మాట్లాడుకునే ఒక వైర్‌లెస్ పద్ధతి) 908.42 మెగాహెర్ట్జ్, మన దగ్గర అది మొబైల్ ఫోన్లు టవర్‌కి మాట్లాడే బ్యాండులో పడుతుంది. ఇంట్లో ఎవరి ఫోనైనా గట్టిగా పంపితే సెన్సర్ మునిగిపోతుంది, పైగా ఇక్కడ అది వాడటం చట్టప్రకారం కుదరదు. ఇండియా జడ్-వేవ్ 865.2. నేను బిగించను, మొహమాటపడకుండా చెప్పేస్తాను, కాఫీ తాగి వచ్చేస్తాను. కొనేటప్పుడు డబ్ల్యూపీసీ (రేడియో వాడకాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) వాళ్ల ఈటీఏ నంబరు, అంటే పరికరానికి ఇచ్చే ఆమోదం నంబరు, ఉందా అని అడగండి.

బిగించేటప్పుడు: ప్యానెల్‌ని బీరువా, ఫ్రిజ్, రౌటర్, టీవీల నుంచి మీటరున్నర దూరంలో, ఛాతీ ఎత్తు కంటే పైన పెట్టండి. ఇనుప తలుపు మీద సెన్సర్ నేరుగా అంటిస్తే దాని యాంటెన్నా శ్రుతి తప్పుతుంది, మధ్యలో సెంటీమీటరు మందం ప్లాస్టిక్ ముక్కో చెక్కో పెట్టండి. ప్రతి సెన్సర్ సిగ్నల్ బలం మెనూలో చూసి కాగితం మీద రాసుకోండి, అదీ షట్టర్ దించి, తలుపులన్నీ వేసి చూసినప్పటిది.

అడుగు 8: కావాలని చేసే జామింగ్

జామింగ్ అంటే వేరే రేడియో గోలతో మీ సెన్సర్ సిగ్నల్‌ని కావాలని ముంచేయడం. చౌక 433 కిట్లలో సెన్సర్ ఒక్క దిక్కుకే మాట్లాడుతుంది. తలుపు తెరిస్తే అరుస్తుంది, ఎవరైనా విన్నారో లేదో దానికి తెలియదు. కొన్నిట్లో కోడ్ కూడా ఎప్పుడూ ఒకటే. ఇంట్లో వస్తువుల్ని బట్టి మీరే నిర్ణయించుకోండి గానీ, డబ్బు, బంగారం ఉండే చోటికి ఇవి వద్దు. రెండు వైపులా మాట్లాడుకునేవి, జవాబు రాకపోతే మళ్లీ పంపేవి, ఫ్రీక్వెన్సీ మార్చుకునేవి తీసుకోండి.

తర్వాత మెనూలో రెండు సెట్టింగులు వెతకండి. ఒకటి సూపర్‌విజన్, అంటే సెన్సర్లు మధ్యమధ్యలో "నేనున్నా" అని చెప్పడం, చెప్పకపోతే ప్యానెల్ గోల చేయడం. రెండోది జామింగ్ గుర్తింపు, బ్యాండు నిండా ఆగకుండా గోల ఉంటే పసిగట్టేది. ఈ రెండోది చాలా ప్యానెళ్లలో ఆఫ్‌లో వస్తుంది. ఆన్ చేసి, అలారం వేసి ఉన్నప్పుడు సైరన్, లేనప్పుడు కీప్యాడ్ బీప్ మాత్రమే వచ్చేలా పెట్టుకోండి, లేకపోతే పక్కింటి కాలింగ్ బెల్ ఇరుక్కుపోయినా మీ సైరన్ మోగుతుంది. సూపర్‌విజన్‌ని పరీక్షించడానికి ఒక సెన్సర్ బ్యాటరీ తీసేసి, ప్యానెల్ ఎంతసేపటికి కనిపెడుతుందో గడియారం పెట్టి చూడండి. కొన్ని కిట్లలో నేను మర్నాటి దాకా ఎదురుచూశాను. ఆ టైము తగ్గించే వీలుంటే తగ్గించండి, బ్యాటరీ కాస్త త్వరగా అయిపోయినా ఫర్వాలేదు.

పరీక్ష కోసం జామర్ కొనాలనే ఆలోచన వద్దు. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ వాడటం, అమ్మడం నేరం. మొబైల్ బూస్టర్ల సంగతీ అంతే, అవి సొంతంగా పెట్టుకోకూడదు, పైగా సరిగ్గా లేని బూస్టర్ ఒకటి చాలు అపార్ట్‌మెంట్ మొత్తానికి రేడియో జ్వరం తెప్పించడానికి.

సందేశం బయటికి వెళ్లే దారులు రెండు ఉండాలి, సిమ్ ఒకటి, బ్రాడ్‌బ్యాండ్ ఒకటి. సైరన్ మాత్రం వైరుదే పెట్టండి. లాకర్ గది, షట్టర్, ముందు తలుపు, ఈ మూడూ వైరు జోన్లు చేసి, మిగతావి వైర్‌లెస్ చేసుకుంటే ఖర్చూ పెద్దగా పెరగదు.

అడుగు 9: రాత్రి పరీక్ష

అన్నీ అయ్యాక పగలు టెస్ట్ చేసి చేతులు దులుపుకోవద్దు. కొట్టు మూసే టైముకి వెళ్లండి. షట్టర్ దించి, రాత్రి వేసి ఉంచే లైట్లే వేసి, ఏసీ, ఫ్యాన్లు రాత్రి ఎలా ఉంటాయో అలా ఉంచి, లోపల ఒక మనిషి కదలకుండా కూర్చోవాలి. సైరన్ వైరు తీసి చిన్న బల్బు పెట్టుకోండి, వీధి నిద్ర చెడగొట్టొద్దు. ఫోన్‌ని 2జీకి మార్చి ప్రతి సెన్సర్ పక్కన ఒక మీటరు దూరంలో కాల్ చేయండి, ప్యానెల్ పక్కన కూడా. వాచ్‌మన్‌ని పిలిచి వాకీటాకీ నొక్కమనండి. మెయిన్ స్విచ్ ఆపి, ఇన్వర్టర్ మీదికి వెళ్లనిచ్చి, మళ్లీ వేయండి, ఇలా ఐదారు సార్లు. ప్యానెల్ జీఎస్‌ఎంతో బయటికి కాల్ చేయించండి. ఆ తర్వాత మాత్రమే లేచి నడిచి, ప్రతి సెన్సర్ మనిషిని నిజంగా పడుతోందో లేదో చూడండి, ఎందుకంటే గోల తగ్గించే పనిలో సెన్సర్‌ని గుడ్డిది చేసేయడం చాలా తేలిక.

బంగారు కొట్టులో ఆ రాత్రి లోపల కూర్చున్నది నేనే. షావుకారు గారు బయట షట్టర్ దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఐదు నిమిషాలకోసారి "ఏమైనా మోగిందా బాబూ?" అని అడుగుతూ పదకొండున్నర దాకా ఉన్నారు. బల్బు వెలగలేదు. చివరికి ఆయనే లోపలికి రావడానికి షట్టర్ ఎత్తారు, బల్బు వెలిగింది, ఇద్దరం లాగ్‌లో టైము రాసుకుని ఇళ్లకు పోయాం.